సాని, స్పిన్‌స్టర్, బసివి: కొన్ని మాటల చరిత్ర

తూర్పు ఢిల్లీలో నేను కాపురం పెట్టి ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. ఇక్కడ తెలుగువాడికి చేసే ఉద్యోగం కాక ఇంకో ఉద్యోగం అడక్కుండానే తగులుకుంటుంది. అదే అనువాదం. ఆసుపత్రిలో ఎవరో శ్రీకాకుళం ముసలాయనకి హిందీ రాదంటే కబురొస్తుంది. స్టేషన్లో తప్పిపోయిన పిల్లాడు తెలుగు మాట్లాడుతున్నాడంటే కబురొస్తుంది. ఎవరూ డబ్బివ్వరు, టీ ఇస్తారు. 2009 చలికాలంలో అలాగే ఒక కబురొచ్చింది. ఒక తెలుగు ఆవిడ చెప్పింది విని ఇంగ్లీషులో రాసిపెట్టాలి. ఏ కార్యాలయమో, ఏ సంస్థో ఇక్కడ అనవసరం. ఆవిడ పేరూ ఊరూ అంతకన్నా అనవసరం. రాయలసీమ మనిషి అని మాత్రం చెబుతాను. పొట్టకూటికోసమని చెప్పి తీసుకొచ్చి ఇక్కడ అమ్మేశారు.

గంటన్నర చెప్పింది. నేను రాశాను. చివర్లో ఏం రాశావో చదివి వినిపించమంది. నేను ఇంగ్లీషులో ఒక వాక్యం చదివి, తెలుగులో అర్థం చెబుతూ పోయాను. ఒకచోట ఆపింది. ఢిల్లీలో ఏళ్ళ తరబడి పోలీసుల నోట విన్న ఒక్క ఇంగ్లీషు మాట ఆమెకి బాగా తెలుసు. "ప్రాస్టిట్యూట్ అని రాసినావు. నేనా మాట అన్లేదు కదన్నా. నేను బసివినని చెప్పినా" అంది.

నిజమే, అనలేదు. కానీ బసివికి ఇంగ్లీషు మాట నాకు తెలీదు. కాగితం అప్పటికే టైపు అయిపోయింది. ఎదురుగా కూర్చున్న గుమాస్తా రెండూ ఒకటేలెండి అన్నాడు. నేను సరే అన్నాను.

ఆ "సరే" నన్ను చాలా కాలం తినేసింది. హేతువాదినని చెప్పుకుంటాను, ఏ మాటకైనా ఆధారం అడుగుతాను. ఆవిడ విషయంలో మాత్రం ఒక మాట బదులు ఇంకో మాట పెట్టి, ఆధారం అడక్కుండా సంతకం చేశాను. ఆ తర్వాత నిఘంటువుల్లో పడ్డాను. ఈ వ్యాసం దాని ఫలితమే.

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో ఆడవాళ్ళకున్న పాత మాటలు తీసుకుంటే ఒక వింత కనబడుతుంది. మగవాడి మాట ఉన్నచోటే ఉంటుంది, దాని జత మాట జారిపోతుంది. మాస్టర్ అంటే యజమాని. మిస్ట్రెస్ అంటే యజమానురాలు. మాస్టర్ ఇప్పటికీ యజమానే, పంతులే. మిస్ట్రెస్ మాత్రం పెళ్ళికాకుండా ఉంచుకున్న మనిషి అయింది. ఇంకో తమాషా ఏమిటంటే మిస్, మిసెస్ రెండూ ఆ మిస్ట్రెస్ అన్న మాటకి పొట్టి రూపాలే. 18వ శతాబ్దం దాకా మిసెస్ అంటే పెళ్ళయిందని అర్థం కాదు, ఇంటికో వ్యాపారానికో పెద్ద అని అర్థం. ఒకే మాట మూడు ముక్కలై ఒకటి కన్యకి, ఒకటి ఇల్లాలికి, ఒకటి ఉంచుకున్నదానికి పంచారు. మగవాడికి మాత్రం పెళ్ళికి ముందూ తర్వాతా ఒకే మిస్టర్.

హార్లట్ అన్న మాట కథ ఇంకా విచిత్రం. పాత ఫ్రెంచి నించి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది మగవాడి మాట. దిమ్మరి, పోకిరి, పనీపాటూ లేని కుర్రాడు అని అర్థం. 14వ శతాబ్దంలో చాసర్ దాన్ని మగవాళ్ళకే వాడాడు. తర్వాత వంద రెండొందల ఏళ్ళలో మగవాడు ఆ మాటలోంచి నెమ్మదిగా తప్పుకున్నాడు, ఆడది మిగిలింది. గర్ల్ అంటే కూడా మొదట్లో పిల్లో పిల్లాడో ఎవరైనా సరే. ఇది మనకి కొత్తేం కాదు. "పిల్లలు" అంటే ఇద్దరూ, "పిల్ల" అంటే ఆడపిల్లే.

స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే మనిషి. చివరనున్న "స్టర్" పాత ఇంగ్లీషులో పనిచేసే ఆడవాళ్ళకి తగిలించే ప్రత్యయం. బట్ట నేసేది వెబ్‌స్టర్, రొట్టె కాల్చేది బాక్‌స్టర్. మనం రోజూ తిరగేసే వెబ్‌స్టర్ నిఘంటువు పేరు వెనక ఒక నేతగత్తె ఉందన్నమాట! ఒక వృత్తి పేరు, సొంత సంపాదన ఉన్న మనిషి పేరు, 17వ శతాబ్దానికల్లా కోర్టు కాగితాల్లో పెళ్ళికాని ఆడదని అర్థం ఇచ్చింది. ఆ తర్వాత పెళ్ళికాక ముదిరిపోయిందనే ఎత్తిపొడుపు అయింది. ఇంగ్లండు పెళ్ళి రిజిస్టర్లలో ఈ మాట 2005 డిసెంబరు దాకా ఉంది. అప్పుడు తీసేసి ఆడా మగా ఇద్దరికీ "సింగిల్" అని పెట్టారు.

హౌస్‌వైఫ్ పాతరూపం హుస్‌విఫ్. విఫ్ అంటే అప్పట్లో పెళ్ళాం అని కాదు, ఆడమనిషి అని. కాబట్టి ఇల్లు, ఆడమనిషి. మన "ఇల్లాలు" కూడా సరిగ్గా అదే కూర్పు, ఇల్లు ప్లస్ ఆలు. మనది గౌరవంగానే మిగిలింది. వాళ్ళది మాత్రం నోట్లో నలిగి నలిగి రెండు మాటలైంది. ఒకటి హౌస్‌వైఫ్, రెండోది హస్సీ. హస్సీ అంటే సిగ్గులేనిది. ఇంటిల్లాలే బజారుమనిషి అయింది, అదీ ఒకే మాటలోంచి.

ఇక్కడొక మాట చెప్పాలి. మన సమావేశాల్లో వ్యుత్పత్తులంటే సరదా ఎక్కువ, జాగ్రత్త తక్కువ. వైఫ్ అనేది నేతకి సంబంధించిన వీవ్ నించి వచ్చిందని, ఉమన్ అంటే మగవాడికి ఏడుపు తెచ్చేదని రకరకాలుగా చెబుతుంటారు. రెండూ తప్పే. ఉమన్ అంటే విఫ్‌మన్, ఆడమనిషి, అంతే. జాతకాలు నమ్మని మనం ఇలాంటివి మాత్రం ఇట్టే నమ్మేస్తాం.

ఇక మన మాటల దగ్గరికొస్తే, సాని. ఇది సంస్కృతం "స్వామిని" నించి వచ్చింది. యజమానురాలు అని అర్థం, అంటే సాక్షాత్తూ మిస్ట్రెస్. దొరసాని, రెడ్డిసాని అన్న మాటల్లో ఆ పాత గౌరవం ఇంకా ఉంది. పురుడు పోసే ఆవిడ మంత్రసాని. ఇంగ్లీషులో మిడ్‌వైఫ్ అన్నమాటలోనూ పాత "విఫ్" చెడకుండా ఉంది. పనితో కలిసున్నప్పుడు మాట బతికింది, ఒంటరిగా నిలబడ్డప్పుడు చెడింది. ఒట్టి "సాని" అంటే ఏమిటో, "సానికొంప" అంటే ఏమిటో నేను వివరించక్కర్లేదు.

కాకతీయుల కాలం నాటి శాసనాల్లో గుడిసానులు కనబడతారు. గుడిలో ఆటపాటల సేవ చేసేవాళ్ళు, సొంత పేరుతో గుడికి దానాలిచ్చేవాళ్ళు. ద్రాక్షారామం లాంటి పెద్ద గుళ్ళలో "సాని మున్నూరు" అంటే మూడువందల సానుల సమూహం. అది ఒక వ్యవస్థ పేరు, తిట్టు కాదు. భోగం అన్న మాటా అంతే. దేవుడి విగ్రహానికి చేసే స్నానం, అలంకారం, నైవేద్యం అంగభోగం, రంగమంటపంలో జరిగే ఆటాపాటా రంగభోగం. దానశాసనాల్లో అంగరంగభోగాలకని భూములిచ్చినట్టు చాలాచోట్ల ఉంటుంది. మనం పెళ్ళి "అంగరంగ వైభోగంగా" జరిగిందంటాం, మురిసిపోతాం. అదే భోగాన్ని విడిగా అంటే నాలుక కరుచుకుంటాం.

ఆ వ్యవస్థ గొప్పదని నేననడం లేదు. గుడికి ఆడపిల్లని ఇవ్వడం అన్యాయమే, అందులో హేతువాదికి రెండో మాట ఉండకూడదు. నేను అడిగేది వేరు. మాట చెడినప్పుడు ఎవరు చెడినట్టు? గుడిసాని దగ్గరికి వెళ్ళిన రెడ్డికీ, జమీందారుకీ, పూజారికీ ఈ చరిత్ర మొత్తంలో ఒక్క చెడ్డమాట పుట్టలేదు. విటుడు అని ఒకటుంది, అది నాటకాల్లో హాస్యపాత్ర.

ఇప్పుడు మనకి ఇబ్బందైన సంగతి. కందుకూరి వీరేశలింగం గారు మా సంఘం గోడమీద బొమ్మ. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన మనిషి. భోగం మేళాలకి పెద్దమనుషులు తలవంచి కూర్చోవడాన్ని ఎండగట్టిన మనిషి. ఆయన ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళని దగ్గరికొచ్చేసరికి కావ్యాన్ని వదిలి మనిషిని పట్టుకున్నారు. ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ఉన్న కవయిత్రి, రాధికాసాంత్వనం రాసింది. వీరేశలింగం గారి అభ్యంతరం, ఆమె వేశ్య కాబట్టి సిగ్గు విడిచి ఆడది నోట అనరానివి రాసిందని.

దీనికి జవాబు చెప్పింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆవిడా దేవదాసే, గొప్ప సంగీత విదుషి. రాధికాసాంత్వనం 1887లో ఒకసారి అచ్చయింది గానీ కొన్ని పద్యాలూ, కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న భాగమూ లేకుండా అచ్చయింది. ముద్దుపళని అందులో తన వంశంలోని ఆడవాళ్ళ పేర్లు చెప్పుకుంది. మగ కవులు తాతముత్తాతల పేర్లు చెప్పుకుంటే ఎవరూ కోసెయ్యలేదు. నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, మొత్తం పుస్తకాన్ని 1910లో వావిళ్ళవారి ద్వారా వేయించింది. పీఠికలో నేరుగా పంతులుగారినే అడిగింది. సిగ్గు అనేది ఆడవాళ్ళకేనా, మగ కవులకి లేదా, ఆయనే చూసి అచ్చుకి ఒప్పుకున్న వైజయంతీ విలాసం సంగతేమిటి అని. ముద్దుపళనిని వేశ్య అంటే, తన వరకూ ఆ మాట దాచుకోవాలని కూడా నాగరత్నమ్మకి లేదు.

సర్కారు 1911లో ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1947లో, ఆ నిషేధం తొలగింది.

మా సంఘం మిత్రుడొకాయనతో ఈ విషయం అంటే "పంతులుగారి కాలం అలాంటిదండీ" అన్నాడు. ఒప్పుకుంటాను. కానీ నాగరత్నమ్మదీ అదే కాలం! ఆమెకి తట్టిన ప్రశ్న ఆయనకెందుకు తట్టలేదు? నా మటుకు నాకు తోచేది ఇది. వితంతువుని ఆయన బాధితురాలిగా చూశారు, కాబట్టి జాలి కలిగింది. ముద్దుపళని ఏడవలేదు, పద్యం రాసింది. ఆమెకి ఆయన దగ్గర మాట లేదు, తిట్టు మాత్రం ఉంది. ఇంతకీ బొమ్మ మా గోడమీదే ఉంది, ఉండాలి కూడా. పక్కన నాగరత్నమ్మ బొమ్మ కూడా పెట్టాలని నేను రెండుసార్లు ప్రతిపాదించాను. ఆవిడ త్యాగరాజ భక్తురాలు కదా అని ఆపారు!

1927 తర్వాత డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దుకి పూనుకున్నప్పుడు నాగరత్నమ్మా, తోటి దేవదాసీలూ మద్రాసులో సంఘం పెట్టుకుని ఎదిరించారు. చట్టం విషయంలో నేను ముత్తులక్ష్మి గారి పక్షమే. 1947లో ఆ చట్టం వచ్చింది, మంచిదే అయింది. అయితే దేవదాసీలు మొత్తుకున్న ఒక సంగతి మాత్రం వినాల్సింది. దేవదాసి అన్నచోటల్లా ప్రాస్టిట్యూట్ అని రాయకండి అన్నారు. అంటే నా రాయలసీమ ఆవిడ 2009లో నాతో అన్నది దాదాపు అదే.

ఢిల్లీలో దీనికి సరిజోడు ఉంది. ఉత్తరాదిన "బాయి" గౌరవవాచకం. మీరాబాయి, లక్ష్మీబాయి. పాట పాడే తవాయిఫ్‌లకీ అదే. 1946లో తాత్కాలిక ప్రభుత్వంలో సమాచార శాఖ చూసిన సర్దార్ పటేల్, వ్యక్తిగత జీవితం బాగాలేదని పేరుపడ్డ గాయనీమణుల్ని ఆకాశవాణిలో పాడనివ్వొద్దని ఆదేశించారు. గొంతు మారకుండానే పేర్లు మారాయి. బాయిలు పోయి దేవిలు, బేగంలు వచ్చారు. అఖ్తరీబాయి ఫైజాబాదీ 1945లో పెళ్ళిచేసుకుని బేగం అఖ్తర్ అయింది. పేరు చివర అక్షరాలు మారితే రేడియోకి రాగం శుద్ధి అయిపోయింది! నాచ్ చేసే ఆడవాళ్ళకి పేరుపడ్డ పాతఢిల్లీ చావ్డీ బజార్‌లో ఇప్పుడు పెళ్ళికార్డుల కొట్లు ఉన్నాయి.

ఇంకో మాట, మన నోట రోజూ ఆడేది. విధవ. ఇంగ్లీషు విడో, లాటిన్ విదువా, రష్యన్ వ్దోవా, పారశీకం ద్వారా ఢిల్లీ ఉర్దూలోకొచ్చిన బేవా, ఇవన్నీ ఒక తల్లి పిల్లలే. మూలంలో అర్థం వేరుపడినది, ఒంటరైనది అని. మన పండితులు దాన్ని వి, ధవ అని విడగొట్టారు. ధవుడు అంటే మొగుడు, మొగుడు లేనిది విధవ అన్నారు. భాషావేత్తలు చెప్పేదేమిటంటే ధవ అన్న మాటే లేదు, విధవని తప్పుగా విరిస్తే పుట్టింది. అంటే పదచరిత్రలో మొగుడు లేనందువల్ల విధవ రాలేదు, విధవలోంచే మొగుడు పుట్టాడు.

ఆ విధవే తెలుగులో వెధవ అయింది. వెధవ అని ఎవర్ని తిడతాం? మగవాణ్ణి! వాణ్ణి అవమానించాలంటే మొగుడు పోయిన ఆడది అనాలి. ముండ కూడా అంతే. ముండితమైన తల, గుండు. గుండు చేయించింది ఎవరు? తిట్టు ఎవరికి? హిందీలో రాండ్ అంటే విధవ, దానికి కొమ్ము మొలిచి రండీ అయితే వేశ్య. మొగుడు చావడం, వీధిన పడడం, ఈ రెంటికీ మధ్య దూరం ఒక అచ్చు. వితంతువు ఎదురొస్తే అపశకునం అనే మూఢనమ్మకాన్ని మేం ప్రతి సభలోనూ ఖండిస్తాం, ఖండించే ఊపులో బాబాల్ని "వెధవలు" అంటాం. నేనూ అన్నాను, వేదికమీదే. ఇప్పుడు మానేశాను. "మోసగాళ్ళు" అంటే సరిపోతుంది, పైగా అది నిజం కూడా.

ఇక సుప్రీంకోర్టు. 2010 అక్టోబరులో వేలుసామి కేసు తీర్పులో, పెళ్ళికాకుండా కలిసి బతికే సంబంధాల గురించి చెబుతూ "కీప్" అన్న మాట వాడారు. అచ్చంగా మన "ఉంచుకున్నది". అప్పటి అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ కోర్టులోనే లేచి అభ్యంతరం చెప్పారు. 2023 ఆగస్టు 16న, చంద్రచూడ్ గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, ఆ కోర్టే ఒక చేతిపుస్తకం తెచ్చింది. తీర్పుల్లో వాడకూడని మాటలు ఒకవైపు, వాటి బదులు వాడాల్సినవి ఇంకోవైపు. హార్లట్ వద్దు, స్పిన్‌స్టర్ వద్దు, మిస్ట్రెస్ వద్దు, కీప్ వద్దు. పతివ్రత అన్న అర్థమిచ్చే మాట కూడా వద్దు, ఒట్టి "స్త్రీ" చాలు అన్నారు. 2025 ఫిబ్రవరిలో అదే కోర్టు, బొంబాయి హైకోర్టు పాత తీర్పొకటి రెండో భార్యని "అక్రమ భార్య" అనీ "నమ్మకమైన ఉంపుడుగత్తె" అనీ అన్నందుకు గట్టిగా తప్పుపట్టింది.

ఆ చేతిపుస్తకం రాగానే నేను ముందు వెతికింది ప్రాస్టిట్యూట్ అన్న మాట కోసం. వద్దు, "సెక్స్ వర్కర్" అనండి అని ఉంది. నాకు ఆవిడ గుర్తొచ్చింది. అమ్మేసిన మనిషిని వర్కర్ అనొచ్చా? జీతమెక్కడ, రాజీనామా ఎక్కడ? ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదు. మనుషుల రవాణా మీద పనిచేసే సంస్థలు అదే అడిగాయి. అదే ఏడాది నవంబరులో కోర్టు ఆ మాట మార్చింది. రవాణాకి గురైన బాధితురాలు లేదా బయటపడ్డ మనిషి, వ్యాపార లైంగిక కార్యంలో ఉన్న స్త్రీ, బలవంతంగా అందులోకి నెట్టబడ్డ స్త్రీ, ఇలా సందర్భాన్ని బట్టి రాయమంది. ఒక్క మాట బదులు ఇన్ని మాటలా అని నవ్వినవాళ్ళున్నారు. నాకు నవ్వు రాలేదు. ఒక్క మాటలో కుదించడం వల్లే కదా ఇంత గొడవ. తన ఇష్టంతో ఆ పనిలో ఉండి, మమ్మల్ని కార్మికులనే పిలవండి అని పోరాడే ఆడవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాట వాళ్ళకి ఉండాలి.

చట్టం ఈ తేడాని అంతకుముందే కొంత పట్టుకుంది. 1956 నాటి చట్టంలో ప్రాస్టిట్యూషన్ అంటే డబ్బుకోసం ఆడది తన ఒళ్ళు అప్పగించే పని. 1986 సవరణలో అది మనుషుల్ని వ్యాపారం కోసం లైంగికంగా దోచుకోవడం అయింది. మొదటి వాక్యంలో చేసేది ఆమె. రెండో వాక్యంలో చేసేవాడు ఇంకొకడు. నేను 2009లో కాగితం మీద పెట్టింది 1956 నాటి మాట.

చివరికి బసివి. బసవడి స్త్రీరూపం. అనంతపురం, బళ్ళారి, కర్నూలు వైపు మగపిల్లలు లేని ఇళ్ళలో ఒక కూతుర్ని దేవుడికి వదిలేవారు. ఆమెకి పెళ్ళుండదు. అత్తారింటికి పోదు, పుట్టింట్లోనే ఉంటుంది. కొడుకులాగే ఆస్తికి వారసురాలు. తండ్రికి తలకొరివి పెడుతుంది. ఆమె పిల్లలది ఆమె ఇంటిపేరే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆ ఆచారం గురించి రాసిన ఇంగ్లీషు అధికారులు ఈ హక్కులన్నీ నమోదు చేశారు. ఆమెని మగవాళ్ళు వాడుకోవడం కూడా ఆ ఆచారంలో భాగమే, దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. 1988 ఆంధ్రప్రదేశ్ చట్టం దేవదాసీ, బసివి, జోగిని పేరేదైనా దేవుడికి వదలడం నేరమంది. కానీ బసివి అన్న మాటలో ఒక వారసత్వం కూడా ఉంది. ఆవిడ ఆ రోజు చెప్పిన గంటన్నరలో పావుగంట తండ్రి పొలం గురించే చెప్పింది. రెండెకరాలు, తన పేరున రావాల్సినవి, చిన్నాన్న కొడుకులు ఆక్రమించుకున్నారు. "కొరివి పెట్టింది నేను" అంది రెండుసార్లు. నేనది విషయానికి సంబంధం లేదని రాయలేదు.

2023 చివర్లో నేనా కార్యాలయానికి వెళ్ళి ఆ కాగితం చూడొచ్చా అని అడిగాను. పాత ఫైళ్ళు పదేళ్ళకి తీసేస్తామన్నారు. ఆవిడ ఎక్కడుందో వాళ్ళకీ తెలీదు. వచ్చేముందు, మళ్ళీ తెలుగువాళ్ళెవరైనా వస్తే పిలవమని ఫోన్ నంబరు రాసిచ్చాను. అక్కడున్న అమ్మాయి నా పేరు పక్కన "ట్రాన్స్‌లేటర్" అని రాసుకుంది.